కారు కింద చరిత్ర: ఒక పాత లాండ్‌క్రూజర్ చాసీ, సైలెన్సర్ కథ

ఈ వారం ఎపిసోడ్‌ని డ్యూటీ బస్సులో విన్నవాళ్ళు చాలామంది "మధ్యలో నెట్ పోయింది భాయ్, రాసి పెట్టు" అని మెసేజ్‌లు పెట్టారు. అందుకే ఇది. మాట్లాడింది మాట్లాడినట్టు దించలేదు. కాస్త సర్ది, మైకు ముందు మర్చిపోయినవి కూడా కలిపి రాశాను.

ఈసారి రాజుల చరిత్ర కాదు, యుద్ధాల చరిత్ర అంతకన్నా కాదు. కారు కింద పడుకుంటే కనిపించే రెండు ఇనుప సామాన్ల చరిత్ర. ఒకటి చాసీ, రెండోది సైలెన్సర్. గ్యారేజీలో పనిచేసేవాళ్ళకి రోజూ మొహం మీద తుప్పు రాల్చేవి. మిగతావాళ్ళకి అసలు కనిపించనివి.

నంబర్ మీద గ్రైండర్

నేను షార్జా సనయ్యలో ఒక గ్యారేజీలో హెల్పర్‌గా చేరిన మొదటి నెల. ఒక 1978 మోడల్ టొయోటా లాండ్‌క్రూజర్, ఎఫ్‌జె40, పని మీద వచ్చింది. ఓనర్ వాళ్ళ నాన్న కొన్న బండి అట. అది మళ్ళీ కొత్తగా కావాలి. బాడీ మొత్తం బోల్టులు విప్పి, లేపి, పక్కన డ్రమ్ముల మీద పెట్టాం. కింద చాసీ ఒక్కటే మిగిలింది, రెండు పొడుగు రైళ్ళు, మధ్యలో అడ్డ కమ్ములు. అచ్చం గోడకి ఆనించిన నిచ్చెనలాగా.

"తుప్పు గోకు" అన్నారు. గ్రైండర్‌కి వైర్ బ్రష్ వేసుకుని వెనక నుంచి మొదలుపెట్టాను. ముందు కుడివైపు రైలు దగ్గరికి వచ్చేసరికి బ్రష్ పోవట్లేదని ఇసుక డిస్క్ వేశాను. అది ఇనుముకి తగలబోయేంతలో గ్రైండర్ ఆగిపోయింది. చూస్తే మా ఉస్తాద్, పెషావర్ వైపు పెద్దాయన, ప్లగ్ పీకి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కాసేపు తిట్టాడు. తిట్టడం అయ్యాక గుడ్డతో ఆ చోటు తుడిచి చూపించాడు. తుప్పు కింద చిన్న చిన్న అంకెలు, సుత్తితో అచ్చు కొట్టినవి.

"ఇంజిన్ మార్చొచ్చు. బాడీ మార్చొచ్చు. గేర్‌బాక్స్, సీటు, అద్దం, అన్నీ మార్చొచ్చు. ఈ నంబర్ పోతే గాడీయే లేదు. ముల్కియా దేని మీద రాస్తారనుకున్నావ్?"

ఆ అంకెల మీద రెండు పొరలు టేపు వేయించి, పైన రేకు ముక్క కట్టించాడు. అప్పుడు అర్థమైంది, ప్రభుత్వం లెక్కలో కారు అంటే మెరిసే రంగు కాదు. ఆ కింద ఉన్న నిచ్చెనే కారు. బయట జనం చూసే బాడీ దాని మీద తొడిగిన చొక్కా లాంటిది.

నిచ్చెన ఎక్కడి నుంచి వచ్చింది

చాసీ అనే మాట ఫ్రెంచి వాళ్ళది. చట్రం అని అర్థం. మొదట్లో కార్లు గుర్రపుబండ్ల నుంచి పుట్టాయి కాబట్టి, వాటి అడుగు కూడా బండి అడుగే. 1891లో పారిస్‌లో పానార్డ్-లెవసోర్ కంపెనీ ఇంజిన్‌ని ముందు పెట్టి, వెనక చక్రాలు తిప్పే పద్ధతి మొదలుపెట్టింది. దాదాపు వందేళ్ళు లోకమంతా అదే దారిలో నడిచింది. ఆ తొలి కార్లకి చెక్క దూలాలే చాసీ. బలం చాలదని వాటికి ఇనుప పట్టీలు బిగించేవాళ్ళు. మన ఎడ్లబండి పోలకి కమ్మరి పట్టా వేసినట్టే.

ఇంజిన్ బలం పెరిగేకొద్దీ చెక్క ఊగింది, మెలితిరిగింది. 1900 చివర్లో విల్హెల్మ్ మేబాక్ డిజైన్ చేసిన మెర్సిడెస్ 35 హార్స్‌పవర్ కారు తయారైంది. దానికి ప్రెస్ కింద నొక్కి మడిచిన ఉక్కు చాసీ వేశారు. రేకుని అలా మడిస్తే తక్కువ బరువులోనే బోలెడు బలం వస్తుంది. కాగితాన్ని పరిచి ఒక చివర పట్టుకుంటే వాలిపోతుంది, అంచులు మడిచి పట్టుకుంటే నిలబడుతుంది. అదే కిటుకు.

ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అమెరికాలోని మిల్వాకీలో ఎ.ఓ. స్మిత్ అనే కంపెనీ పూర్తిగా యంత్రాలతో చాసీలు చేసే ఫ్యాక్టరీ పెట్టింది. 1921లో అది మొదలైంది. రోజుకి 10,000 చాసీల దాకా. రేకు లోపలికి పోతే, రివెట్లు కొట్టి, రంగు వేసిన చాసీ బయటికి వచ్చేది. అంతకుముందు వందల మంది చేతుల్లో జరిగిన పని అది.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. అందరి కార్లకీ ఈ నిచ్చెన ఉండదు. 1922లో ఇటలీ లాంచియా లాంబ్డా, 1934లో ఫ్రాన్స్ సిట్రోయెన్ ట్రాక్సియోం అవాం వచ్చాయి. వాటిలో విడి చాసీ లేదు, బాడీయే బరువు మోస్తుంది. పెట్టెకి విడిగా చట్రం అక్కర్లేదు కదా, అట్లా. మన అంబాసిడర్ కూడా ఆ జాతిదే. మన ఊళ్ళలో జనాన్ని టాపు దాకా ఎక్కించుకుని తిరిగిన జీపుకీ, లారీకీ మాత్రం నిచ్చెన చాసీ ఉంది. గుంతల్లో, రాళ్ళల్లో, ఎక్కువ బరువుతో తిరగాలంటే ఇప్పటికీ అదే. చాసీ మెలికపడి మళ్ళీ సర్దుకుంటుంది. బాడీ పాడైతే విప్పి మార్చుకోవచ్చు. పాత బండిని విప్పి మళ్ళీ కట్టే పనిలో అంబాసిడర్ లాంటి దానికన్నా లాండ్‌క్రూజర్ లాంటిది సులువు అనిపించేది అందుకే.

జపాన్ నుంచి ఎడారికి

ఈ లాండ్‌క్రూజర్ పుట్టుక కూడా వింతే. 1950లో కొరియా యుద్ధం మొదలైంది. పక్కనే జపాన్‌లో జీపు లాంటి బండ్లకి గిరాకీ వచ్చింది. టొయోటా వాళ్ళు 1951లో తమ చిన్న లారీ చాసీ తీసుకుని, పెద్ద లారీ ఇంజిన్ దాని మీద పెట్టి ఒక బండి చేశారు. పేరు టొయోటా జీప్ బిజె. ఆ ఏడాదే దాన్ని ఫ్యూజీ పర్వతం మీద ఆరో మజిలీ దాకా ఎక్కించి చూపించారు. తర్వాత జీప్ అనే పేరు మాది అని అమెరికా కంపెనీ అభ్యంతరం చెప్తే, 1954లో లాండ్‌క్రూజర్ అని పేరు మార్చారు. దాని ఆరు సిలిండర్ల ఇంజిన్ వంశం తవ్వుకుంటూ పోతే అమెరికా షెవర్లే ఇంజిన్ దగ్గర తేలుతుంది. 1930లలో టొయోటా మొదటి ఇంజిన్ చేసింది దాన్ని చూసే. అంటే ఈ బండిలో ఫ్రెంచి మాట ఉంది, అమెరికా ఇంజిన్ రక్తం ఉంది, కట్టింది జపాన్ వాళ్ళు.

1955లో సౌదీలో అబ్దుల్ లతీఫ్ జమీల్ టొయోటా బండ్లు అమ్మడం మొదలుపెట్టారు. 1960లో 40 సిరీస్ వచ్చింది, 1984 దాకా జపాన్‌లో తయారైంది. ఇటు అబుదాబి నుంచి మొదటిసారి ఆయిల్ ఎగుమతి 1962లో, దుబాయ్ నుంచి 1969లో. యూఏఈ దేశంగా ఏర్పడింది 1971 డిసెంబర్ 2న. అప్పటికి రోడ్లు ఎక్కడివి? ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఇసుక మీద, సముద్రపు ఒడ్డున, సబ్ఖా అనే ఉప్పు నేల మీద పోవాలి. ఆ దారుల్లో ఇంగ్లీషు లాండ్‌రోవర్లు, అమెరికా డాడ్జ్ పవర్ వ్యాగన్లు, తర్వాత ఈ టొయోటాలు తిరిగాయి. అందుకే ఇక్కడి పెద్దవాళ్ళకి ఈ బండ్లంటే అంత ప్రేమ. అబుదాబిలో షేక్ హమద్ బిన్ హమ్దాన్ అల్ నహ్యాన్ మ్యూజియంలో ఆ డాడ్జ్ పవర్ వ్యాగన్‌నే ఇల్లంత పెద్దగా చేయించి నిలబెట్టారు, చూసే ఉంటారు. షార్జాలో పాత కార్ల కోసమే ఒక మ్యూజియం ఉంది.

ఇంకో మాట. లాండ్‌క్రూజర్ పికప్‌ని ఇక్కడి వాళ్ళు 'షాస్' అంటారు కదా. అది చాసీ అనే మాటే, అరబీ నోట్లో అలా తిరిగింది. పారిస్‌లో బయల్దేరిన మాట ఒకటి అరబ్బుల నోట్లో బండి పేరయింది, సనయ్యలో మన నోట్లో చాసీ అయింది.

చాసీ తయారు చేయడం అంటే

ఎడారి బండికి తుప్పు ఎందుకు పడుతుంది అని కొత్తవాళ్ళు అడుగుతారు. లోపలి ఎడారిలో తిరిగిన బండికి నిజంగానే తుప్పు తక్కువ. ఒడ్డున తిరిగినదానికి మాత్రం ఉప్పు, రాత్రిపూట తేమ, రెండూ తగులుతాయి. పైగా ఈ రైళ్ళు లోపల బోలుగా, పెట్టె ఆకారంలో ఉంటాయి. ఉప్పు కలిసిన ఇసుక రంధ్రాల్లోంచి లోపలికి పోతుంది, తేమని పట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు తుప్పు లోపలి నుంచి బయటికి తింటూ వస్తుంది. పైన రంగు బాగానే ఉంటుంది, సుత్తితో కొడితే 'ఠంగ్' అనాల్సింది 'టప్' అంటుంది. మా ఉస్తాద్ సుత్తి పట్టుకుని ఆ మూల నుంచి ఈ మూలకి కొట్టుకుంటూ, చెవి పెట్టి వింటూ పోయేవాడు. కుండలు కొనేటప్పుడు మన అమ్మమ్మలు చేసే పనే.

తర్వాత కొలతలు. చాసీని సమంగా నిలబెట్టి, పైనున్న గుర్తుల నుంచి దారం గుండు వదిలి, నేల మీద చుక్కలు పెట్టాలి. ఆ చుక్కలని మూల నుంచి మూలకి టేపుతో కొలవాలి. ఇల్లు కట్టేటప్పుడు పునాది ముగ్గు పోసే మేస్త్రీ కర్ణాలు కొలిచినట్టే. రెండు కర్ణాలు సమానంగా వస్తే చాసీ చదరంగా ఉన్నట్టు. మా బండికి తేడా వచ్చింది, ఎప్పుడో ముందు ఎడమ మూల దేనికో గుద్దుకుంది. దాన్ని గొలుసులు, జాకీలతో మెల్లగా లాగి సరిచేసేదాకా ఉస్తాద్ ఒక్క టాకా కూడా వేయనివ్వలేదు. వంకర మీద వెల్డింగ్ చేస్తే వంకరే పర్మనెంట్ అవుతుంది.

తుప్పు తిన్న ముక్కని మంచి ఇనుము వచ్చేదాకా కోయాలి. అంతే మందం ప్లేటు కోసి అతకాలి. అతుకు రైలుకి నేరుగా అడ్డంగా వేస్తే ఆ గీత దగ్గరే మళ్ళీ విరుగుతుంది, అందుకే ఏటవాలుగా వేస్తారు. నీళ్ళు కారే రంధ్రాలు మూయకూడదు. ఎన్ని పెద్ద గ్యారేజీల పని విప్పి చూశానో, ఆ రంధ్రాలు అందం కోసం మూసేసి ఉంటాయి.

ఇసుక

ఇక అసలు బాధ పడే చోటుకి వచ్చాం. చాసీ బోడిగా, తెల్లగా అయితేనే ప్రైమర్ పట్టుకుంటుంది. ఆ మూలలన్నీ గ్రైండర్‌తో అవ్వవు. గాలితో ఇసుక కొట్టాలి.

సాండ్ బ్లాస్టింగ్‌కి 1870లో పేటెంట్ తీసుకున్నది అమెరికాకి చెందిన బెంజమిన్ టిల్గ్‌మన్. గాలికి ఎగిరే ఎడారి ఇసుక కిటికీ అద్దాలని గరుకు చేయడం చూసి ఆయనకి ఈ ఆలోచన వచ్చిందని చెప్పుకుంటారు. గంటల పని నిమిషాల్లో అయిపోయింది. కానీ ఇసుకలో ఉండేది సిలికా. అది ఇనుముకి తగిలి పగిలినప్పుడు కంటికి కనపడని పొడి అవుతుంది. ఊపిరితిత్తుల్లోకి పోయి, అక్కడే ఉండిపోయి, చుట్టూ మచ్చ కట్టిస్తుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. దానికి మందు లేదు.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1930లలోనే అమెరికా వెస్ట్ వర్జీనియాలో హాక్స్ నెస్ట్ అనే సొరంగం తవ్విన కూలీలు వందల్లో చనిపోయారు, అందులో ఎక్కువమంది పని కోసం వేరే ఊళ్ళ నుంచి వచ్చిన నల్లజాతి వాళ్ళు. బ్రిటన్ 1949లో చేసిన నిబంధనలతో బ్లాస్టింగ్‌కి ఇసుక వాడటం ఆపేసింది. టర్కీలో జీన్స్ ప్యాంట్లు పాతగా కనిపించాలని ఇసుక కొట్టిన కుర్రాళ్ళకి ఇదే జబ్బు వచ్చింది, 2009లో అక్కడ ఆపారు. ఇప్పుడు మంచి వర్క్‌షాపుల్లో గార్నెట్ వాడతారు. అది కూడా ఒక రకం ఇసుకే, ఎర్రటిది, కానీ అందులో విడి సిలికా చాలా తక్కువ. మన శ్రీకాకుళం, విశాఖ తీరం ఇసుకలో కూడా గార్నెట్ ఉంది.

మా రూంలో కోరుట్ల వైపు అన్న ఒకాయన ఉండేవాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను రాకముందు ఒక చోట ఆరేళ్ళు బ్లాస్టింగ్ చేశాడు. అక్కడ గార్నెట్ అయిపోయిన రోజు మామూలు ఇసుకే వేసేవాళ్ళట. మాస్క్ అంటే తల రుమాలు. "ముక్కుల ఇసుక, చెవుల ఇసుక, అన్నంల గూడ ఇసుకనేరా" అని నవ్వుతూ చెప్పేవాడు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. వీసా అయిపోయి ఇంటికి పోయాడు. అక్కడ టీబీ అన్నారు. కోర్సు మొత్తం మింగాడు, తగ్గలేదు. హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్ ఎక్స్‌రే చూసి అడిగిన మొదటి ప్రశ్న, "నువ్వేం పని చేసేవాడివి?"

అప్పటిదాకా ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆయన పాస్‌పోర్టులో, వీసాలో ఎక్కడా బ్లాస్టింగ్ అని లేదు. క్లీనర్ అని ఉంది. ఆరేళ్ళ పనికి కాగితం మీద రుజువు లేదు. ఈ జబ్బు బయటపడటానికి ఏళ్ళు పడుతుంది, అప్పటికి మనిషి దేశం దాటేసి ఉంటాడు. ఎవరిని అడగాలి? ఏమని అడగాలి?

ఆ ఎఫ్‌జె40 చాసీ మీద నేను గార్నెట్ కొట్టిన రోజు, బయటి నుంచి గాలి వచ్చే హుడ్ తలకి పెట్టుకున్నాను. చెమటకి లోపల ఊపిరాడదు, తీసేయాలనిపిస్తుంది. ఉస్తాద్ దూరం నుంచి చూస్తూనే ఉన్నాడు. నేను తీయలేదు. భయం ఆయనది కాదు, అన్నది.

బండి ఊపిరి

చాసీకి ప్రైమర్, రంగు అయ్యాక సైలెన్సర్ పని. ఓనర్‌కి పాత శబ్దం కాకుండా కొంచెం గంభీరంగా కావాలి, కానీ పోలీసు ఆపకూడదు. ఇక్కడ శబ్దానికి జరిమానా సంగతి మీకు తెలుసు.

సైలెన్సర్ పుట్టింది 1897లో. అమెరికా ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ ఊళ్ళో మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అనే అన్నదమ్ములు దానికి పేటెంట్ తీసుకున్నారు. పని చేసే తీరు ఏమిటంటే, సిలిండర్‌లోంచి గ్యాసు తుపాకి గుండులాగా వస్తుంది. దాన్ని గదులు గదులుగా ఉన్న డబ్బాలోకి పంపితే, గోడలకి తగిలి, మలుపులు తిరిగి, దూకుడు తగ్గి బయటికి వస్తుంది. కాలవ నీళ్ళు చెరువులోకి వచ్చి నెమ్మదించినట్టు. కానీ నెమ్మదిస్తే వెనకకి తన్నుతుంది, ఇంజిన్ బలం కొంచెం పోతుంది. అందుకే పాత కార్లలో కటౌట్ అనే ఒక మూత ఉండేది. ఊళ్ళో మూసి నడిపేవాళ్ళు, ఊరు దాటాక, గుట్ట ఎక్కేటప్పుడు తెరిచేవాళ్ళు. సైలెన్సర్ పక్కనుంచి గ్యాసు నేరుగా బయటికి. గ్రామాల్లో గుర్రాలు బెదిరిపోయేవి.

సొంతంగా పైపులు కట్టుకునే కళ పెరిగింది కూడా ఒక ఎడారిలోనే. దక్షిణ కాలిఫోర్నియాలో మురాక్ లాంటి ఎండిపోయిన చెరువుల మీద 1930లలో కుర్రాళ్ళు పాత ఫోర్డ్ కార్లతో పందాలు కట్టేవాళ్ళు. 1937లో పందాలకి ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. వాళ్ళ దగ్గర డబ్బు లేదు. పాతసామాను దుకాణంలో దొరికిన పైపులు కోసి, వంచి, అతికి ఎగ్జాస్ట్ కట్టుకునేవాళ్ళు. ఈ రోజు లక్షలు పోసి చేయించుకునే కస్టమ్ సైలెన్సర్ మొదలు పేదవాడి జుగాడ్.

మన ఎఫ్‌జె40 సంగతికి వస్తే, దాని ఇంజిన్ 4.2 లీటర్లు, ఆరు సిలిండర్లు ఒకే వరసలో. గాలి లోపలికి పోయే దారి, పొగ బయటికి వచ్చే దారి రెండూ ఒకే పక్కన, ఒకదాని మీద ఒకటి. అందుకే అక్కడ వేడి ఎక్కువ, పాత పోత ఇనుము మ్యానిఫోల్డ్ పగలడం మామూలు. మాది కూడా పగిలే ఉంది. దాని బదులు పైపులతో కొత్తది కట్టాలి.

ఇక్కడ ఒక అందమైన లెక్క ఉంది. సిలిండర్లు మండే వరస 1-5-3-6-2-4. సరిగ్గా చూడండి, ముందు మూడింట్లో ఒకటి మండితే, తర్వాత వెనక మూడింట్లో ఒకటి. మళ్ళీ ముందు, మళ్ళీ వెనక. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు రెండు రోకళ్ళతో దంచుతుంటే ఎలా ఉంటుంది? ఒకటి లేస్తుంటే ఒకటి పడుతుంది, ఎక్కడా గుద్దుకోవు. అందుకే ముందు మూడింటినీ ఒక పైపుకి, వెనక మూడింటినీ ఇంకో పైపుకి కలుపుతారు. ఒక్కో పైపులో దెబ్బలు సమాన దూరంలో పడతాయి. ఒక దెబ్బ పోతూ పోతూ తర్వాతదాన్ని లాగుతుంది. కింద రెండూ ఒకటైతే ఆ గంభీరమైన శబ్దం దానంతట అదే వస్తుంది. శబ్దం కోసం సైలెన్సర్ పీకేసేవాళ్ళకి ఈ లెక్క తెలియదు.

పైపు వంచడం, జ్వరం

పైపుని ఊరికే వంచితే వంపు దగ్గర నలిగిపోతుంది. ఇప్పుడు లోపల గుండు పెట్టి వంచే మాండ్రెల్ యంత్రాలు ఉన్నాయి. మా దగ్గర లేదు. ఉస్తాద్ పాత పద్ధతి చూపించాడు. పైపులో ఇసుక నింపి, సుత్తితో తట్టి తట్టి గట్టిగా కూరి, రెండు వైపులా మూత వేసి, గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి మెల్లగా వంచడం. లోపలి ఇసుక గోడని నలగనివ్వదు. కానీ ముందు ఆ ఇసుకని పెనం మీద బాగా వేయించాలి. ఒక్క చుక్క తడి ఉన్నా ఆవిరై మూత తుపాకిలా ఎగురుతుంది. ఎడారిలో ఉండి ఇసుక వేయించుకోవడం ఏంటని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు, తన ముంజేతి మీద పాత మచ్చ చూపించాడు.

అతకడానికి మనం 'ఆర్గాన్' అని పిలిచే వెల్డింగ్. దీన్ని 1941లో కాలిఫోర్నియాలో నార్త్‌రప్ విమానాల కంపెనీలో రస్సెల్ మెరిడిత్ అనే ఆయన తయారుచేశాడు. విమానాలకి మెగ్నీషియం అతకాలి, అది మామూలు మంటకి అంటుకుని కాలిపోతుంది. అందుకని చుట్టూ హీలియం గ్యాసు ఊదుతూ అతికాడు. తర్వాత దాని బదులు చౌకైన ఆర్గాన్ వచ్చింది. పేరు కూడా అదే మిగిలింది. సన్న పైపుకి దీన్ని మించింది లేదు.

రెండో బండికి ఒక రోజు ఎవరో జింక్ పూత పైపు తెచ్చారు, చౌక అని. ఆ రోజు ఉస్తాద్ సెలవు. నేను పూత గోకకుండా అతికేశాను. తెల్లటి పొగ, గాలిలో దూదిపింజల్లాంటివి తేలాయి. నోట్లో తియ్యగా, ఇనుము నాకినట్టు. రాత్రి క్యాంపులో జూన్ నెలలో మూడు దుప్పట్లు కప్పుకుని వణికాను. రూం వాళ్ళు పాలు తాగించారు, పనడాల్ ఇచ్చారు. తెల్లారేసరికి ఏమీ లేనట్టు తగ్గిపోయింది.

ఇది కూడా పాత జబ్బే. ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దపు ఇత్తడి కొలిమి పనివాళ్ళకి ఇదే చలిజ్వరం వచ్చేది. జింక్ 907 డిగ్రీలకే ఆవిరవుతుంది. ఉక్కు కరగడానికి 1,500 డిగ్రీల దాకా కావాలి. అంటే మనం అతకాలనుకున్న ఇనుము కరిగేలోపే జింక్ మొత్తం మన ముక్కులోకి వస్తుంది. వరసగా పనిచేస్తే ఒళ్ళు అలవాటు పడి జ్వరం రాదు, సెలవు తర్వాత మొదటి రోజు మళ్ళీ వస్తుంది. అందుకే దాన్ని 'సోమవారం జ్వరం' అన్నారు. పాలు తాగితే రాదు అనేది నమ్మకం మాత్రమే. ఊపిరితిత్తుల్లోకి పోయినదాన్ని కడుపులోని పాలు ఎలా ఆపుతాయి? పూత గోకాలి, పొగ లాగే ఫ్యాన్ పెట్టాలి, సరైన మాస్క్ పెట్టాలి. స్టెయిన్‌లెస్ అయితే ఇంకా జాగ్రత్త, ఆ పొగలో క్రోమియం ఉంటుంది. వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2017లో తేల్చింది.

చివరి పని వేలాడదీయడం. మూడు మీటర్ల ఉక్కు పైపు 300 డిగ్రీలు వేడెక్కితే సెంటీమీటర్ పైన సాగుతుంది. చాసీ మాత్రం అలాగే ఉంటుంది. పైపుని చాసీకి గట్టిగా బిగిస్తే ఏదో ఒకటి పగులుతుంది. అందుకే రబ్బర్ హ్యాంగర్లు. నేను ఎక్కువ బిగించిన చోట ఉస్తాద్ వదులు చేయించాడు.

బండి వెళ్ళిన రోజు

నాలుగు నెలలకి బండి తయారైంది. ఓనర్ తన తండ్రిని తీసుకొచ్చాడు. ముసలాయన స్టార్ట్ చేయించి, ఎక్కలేదు. వంగి, ఒక మోకాలు నేల మీద పెట్టి, కిందకి చూశాడు. చాసీ మీద చెయ్యి పెట్టి నిమిరాడు. నా సర్వీసులో బండి కొన్నవాళ్ళు కిందకి చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత రెండేళ్ళకి నేను ఫ్యాబ్రికేటర్‌గా వీసా మార్పించుకోగలిగాను. దానికి పనికొచ్చింది ఫోన్‌లో తీసి పెట్టుకున్న ఫోటోలు. తుప్పు చాసీ, కోసిన ముక్క, ఏటవాలు అతుకు, ఆరు పైపులు, అన్నీ తేదీలతో. కొత్త చోట ట్రేడ్ టెస్ట్‌లో వాటిని చూపించాను. కోరుట్ల అన్న దగ్గర అలాంటి ఒక్క ఫోటో ఉన్నా, ఆ ఎక్స్‌రే పక్కన పెట్టడానికి పనికొచ్చేది.

అందుకే ఈ ఎపిసోడ్ విన్నవాళ్ళకి ఒక్కటే చెప్తున్నా. వీసా మీద హెల్పర్ అని ఉండనీ, క్లీనర్ అని ఉండనీ, మీరు నిజంగా చేసే పని పేరేంటో, ఏ రోజు ఏం వాడారో, ఒక చిన్న నోట్‌బుక్‌లో తెలుగులోనే రాసి పెట్టుకోండి. ఫోటో తీసుకోండి, పర్మిషన్ ఉన్న చోట. ఒంట్లో బాగోలేక డాక్టర్ దగ్గరికి పోతే, ఆయన అడగకపోయినా మీరే ముందు చెప్పండి, నేను ఈ పని చేశాను అని.

మా ఉస్తాద్ రిటైరై ఊరికి పోయాడు, మనవళ్ళతో ఉన్నాడు. కోరుట్ల అన్న ఈ ఎపిసోడ్ విని వాయిస్ మెసేజ్ పెట్టాడు. మధ్యలో రెండుసార్లు దగ్గు. "మంచిగ చెప్పినవ్‌రా. ఆ హుడ్ సంగతి ఇంకొంచెం గట్టిగ చెప్పు" అన్నాడు.

చెప్పాను అన్నా. హుడ్ తీయకండి తమ్ముళ్ళూ.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. మీ గ్యారేజీ, మీ సైట్, మీ కిచెన్ కథలు వాయిస్ మెసేజ్ పెట్టండి, పేరు చెప్పకపోయినా పర్వాలేదు. జాగ్రత్త.